పూత మీదే అమ్మేసిన చింతచెట్లు: ఒక కరువు మండలం పదేళ్ళ ప్రణాళిక

2024 డిసెంబరులో స్వర్ణాంధ్ర 2047 విజన్ డాక్యుమెంటు వచ్చాక నియోజకవర్గాల స్థాయిలో కూడా ప్రణాళికలు తయారవుతున్నాయి. ఆ పనిలో ఉన్న కుర్రాళ్ళు నాకు తరచూ ఫోన్ చేస్తున్నారు, అందరూ దాదాపు ఒకటే అడుగుతున్నారు: "అన్నా, మా దగ్గర ఏ ఇండస్ట్రీ పెడితే బాగుంటుంది?" నేనూ ఒకప్పుడు సరిగ్గా ఆ ప్రశ్నతోనే మొదలుపెట్టాను, దాని వల్ల ఒక మండలానికి రెండున్నరేళ్ళు నష్టం జరిగింది. అందుకే ఈ కేసు రాస్తున్నాను. మండలం పేరు, మనుషుల పేర్లు రాయను, గుర్తుపట్టే వివరాలు కొన్ని మార్చాను. మేం తీసుకున్న నిర్ణయాలు, వాటి వెనక మేం వేసుకున్న లెక్కలు మాత్రం జరిగినవి జరిగినట్టే ఉన్నాయి.

ఎలాంటి చోటు

ఉమ్మడి అనంతపురం జిల్లాలో కర్ణాటక సరిహద్దు వైపు ఉండే మండలం. జిల్లా మొత్తం పడమటి కనుమల వాననీడలో ఉంది, నైరుతి మేఘం కనుమలు దాటేసరికే సగం ఖాళీ అయిపోతుంది, ఈశాన్య వాన కోస్తాలో కురిసి ఇక్కడికి వచ్చేసరికి చినుకులు మిగులుతాయి. ఏడాదికి 550 మిల్లీమీటర్ల చుట్టూ వాన, అదీ ఎప్పుడు పడుతుందో చెప్పలేం. ఎర్రనేల, తక్కువ లోతు. ఈ నేలకి, ఈ వానకి తట్టుకుంటుందని తరాలుగా చెనక్కాయే (వేరుశనగ) వేశారు. పొలం గట్ల మీద, ఊరి పక్కన, వంక ఒడ్డున పెద్ద పెద్ద చింతచెట్లు, కొన్ని తాతముత్తాతల నాటివి. దగ్గర్లోని హిందూపురం చింతపండు మార్కెట్టుకి ఎంత పేరో ఆ వైపు వాళ్ళందరికీ తెలుసు.

ఈ మండలానికి పదేళ్ళ ప్రణాళిక వేసే పని మాకు అప్పగించింది 2019లో. పెనుకొండ దగ్గర కియా ప్లాంటు నుంచి కార్లు బయటికి వస్తున్న ఏడాది. ఏటా మూడు లక్షల కార్లు తయారుచేయగల ఫ్యాక్టరీ తమ పక్క మండలాల్లో లేచి నిలబడితే ఎవరికైనా ఆశ పుడుతుంది. మొదటి మీటింగులో నాయకులూ, రైతులూ, చదువుకున్న పిల్లలూ అందరూ ఒకే మాట అన్నారు: మాకూ ఒక ఇండస్ట్రియల్ పార్కు కావాలి. సమస్య ఏంటని అడిగితే "పిల్లలు బెంగళూరుకు పోతున్నారు" అన్నారు. నేను ఆ రెంటినీ కలిపేశాను. పిల్లలు పోతున్నారు కాబట్టి ఇక్కడ ఉద్యోగాలు కావాలి, ఉద్యోగాలు కావాలి కాబట్టి పార్కు కావాలి. వినడానికి సాఫీగా ఉంది, అందుకే ఎవరం దాన్ని ఆపి చూడలేదు.

పార్కు, ట్రైనింగు

నలభై ఎకరాల ప్రభుత్వ భూమి చదును చేశారు, రోడ్డు వేశారు, స్తంభాలు పాతారు, ప్లాట్లు గీశారు. రెండేళ్ళకి ఒకరు సిమెంటు గోడౌన్ కట్టారు, ఇంకొకరు కాంపౌండు గోడ కట్టి వదిలేశారు. అంతే.

కారణం అర్థం కావాలంటే కియా అక్కడికే ఎందుకొచ్చిందో చూడాలి. 44వ జాతీయ రహదారి పక్కన ఉంది, బెంగళూరు ఎయిర్‌పోర్టు అందుబాటులో ఉంది, హంద్రీనీవా కాలువ ద్వారా గొల్లపల్లి రిజర్వాయర్‌కి తెచ్చిన కృష్ణా నీళ్ళున్నాయి, వీటన్నిటి వెనక రాష్ట్ర ప్రభుత్వం మొత్తం నిలబడింది. విడిభాగాల కంపెనీలు ప్లాంటుకి ఆనుకునే పెట్టుకున్నారు, ఎందుకంటే వాళ్ళ సరుకు గంటల లెక్కన అసెంబ్లీ లైనుకి చేరాలి. మా మండలం హైవేకి దూరం, వేసవిలో తాగునీటికే ట్యాంకర్లు. మా ప్లాట్లు అక్కడికన్నా చవకే, కానీ చవక భూమి కోసం నీళ్ళు వదులుకునే ఫ్యాక్టరీ ఉండదు. ఈ విషయం నాకు మొదట్లోనే తెలుసుండాలి. తెలిసినా మీటింగులో అందరి ముఖాల్లో ఆ ఆశ చూశాక "ఇది మనకు రాదు" అని చెప్పే ధైర్యం చేయలేదు, ఆ మాట ముందే చెప్పాల్సిన బాధ్యత నాదే.

స్కిల్ ట్రైనింగు గురించి క్లుప్తంగా చెప్తాను. కుట్టుపని, డ్రైవింగ్, ఎలక్ట్రికల్. పిల్లలు బాగానే నేర్చుకున్నారు. నేర్చుకున్న మగపిల్లలు నేరుగా బెంగళూరు వెళ్ళిపోయారు, అది వాళ్ళకి మంచిదే, ఆ ఇళ్ళకీ మంచిదే, కానీ మండలం ప్రణాళికగా చూస్తే పిల్లల వలసనే మేం సులభం చేశాం. ఆడపిల్లలకి గార్మెంట్ యూనిట్లలో పని దొరికేది, షిఫ్టు ఎనిమిదిన్నరకి, ఊరికి మొదటి బస్సు వచ్చేది తొమ్మిదీ నలభైకి. ట్రైనింగు మీద పెట్టిన డబ్బులో కొంచెం ఆ బస్సు టైము మార్పించడానికి తిరిగే తిరుగుళ్ళకి పెట్టి ఉంటే ఎక్కువ పని జరిగేది. తర్వాత అది చేశాం, ఆర్నెల్లు పట్టింది, ఇప్పుడు ఏడున్నరకి ఒక బస్సు ఉంది.

ఈ మధ్యలో ఇంకో ఒత్తిడి. 2020 జనవరిలో తాడిపత్రి నుంచి అరటి రైల్లో ముంబై పోర్టుకి వెళ్ళింది, అక్కడి నుంచి విదేశాలకి. పేపర్లన్నీ రాశాయి. వెంటనే మా మండలంలో "అరటి క్లస్టర్" అన్నారు. దీనికి మాత్రం నేను ఒప్పుకోలేదు. తాడిపత్రి వైపు పెన్నా ఉంది, కాలువ నీళ్ళున్నాయి. మా దగ్గర బోర్లు ఏడెనిమిది వందల అడుగులు దాటిపోయాయి. ఇరవై ఏళ్ళ కిందట, భూగర్భజలాల్ని రైతులే చూసుకునేలా చేసిన ఏపీఎఫ్ఏఎంజీఎస్ ప్రాజెక్టులో మా జిల్లా రైతులతోనే బోరు నీటిమట్టం కొలిపించి, వాన కొలిపించి, ఊరి నీటి బడ్జెట్ వేయించారు. ఆ పద్ధతి తెలిసిన పెద్దాయన ఒకరు మాకు దొరికారు. ఆయనతో కూర్చుని రెండు ఊళ్ళకి లెక్క వేస్తే అరటి వేసే ఊరు మూడో ఏడాది తాగునీటికి కూడా ఇబ్బంది పడుతుందని తేలింది. ఆ లెక్క పేపర్ మీద చూపించాక వాదన ఆగింది. నేను నోటితో చెప్పుంటే ఆగేది కాదు.

కోల్డ్ స్టోరేజీ ఎందుకు ఖాళీగా ఉంది

పార్కు సంగతి తేలిపోయాక మండలంలో ఇప్పటికే ఉన్నదేంటి అని వెతికాం. చింతపండు కళ్ళ ముందే ఉంది. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా అందరి పండూ ఒకేసారి మార్కెట్టుకి వస్తుంది, రేటు పడుతుంది. ఎండకి, తేమకి పండు నల్లబడుతుంది, నల్లబడితే ధర ఇంకా పోతుంది. కోల్డ్ స్టోరేజీలో పెడితే రంగు నిలుస్తుంది, వర్షాకాలంలో మంచి ధరకి అమ్ముకోవచ్చు. వ్యాపారులు ఏళ్ళుగా చేస్తున్నది ఇదే. రైతులే ఎందుకు చేయకూడదు?

ఇక్కడ ఒక్క మంచి నిర్ణయం తీసుకున్నాం: సొంతంగా కట్టలేదు. సబ్సిడీలు ఉన్నాయి, కట్టమని చాలామంది అన్నారు. కానీ కరెంటు బిల్లు ఏడాదంతా వస్తుంది, పండు మూడు నెలలే వస్తుంది, ఖాళీగా నడిపే ఏసీకి జీతం ఎవరిస్తారు? అందుకని 2022లో, అప్పటికే ఉన్న ఒక కోల్డ్ స్టోరేజీలోనే కొంత జాగా అద్దెకి మాట్లాడాం. ఎనిమిది ఊళ్ళ మహిళా సంఘాలకి చెప్పాం. బస్తాలు కొన్నాం, తూకాలు పెట్టాం, ఆటోలు మాట్లాడాం.

పండు రాలేదు. మేం లెక్కేసుకున్న దాంట్లో పదో వంతు కూడా రాలేదు.

మా టీమ్‌లో వాళ్ళు అవగాహన లేదన్నారు, ఇంకో రౌండు మీటింగులు పెడదామన్నారు. నాకు అది సరైన జవాబు అనిపించలేదు. చింతపండు గురించి ఆ అక్కలకి మేం చెప్పేదేముంటుంది? మార్చి మధ్యలో ఒకరోజు చెప్పకుండా ఒక ఊరికి వెళ్ళాను. వీధి చివర ఒక ఇంటి ముందు వేపచెట్టు నీడలో అయిదారుగురు ఆడవాళ్ళు కూర్చుని చింతపండు కొడుతున్నారు. ఒకామె చెక్క సుత్తితో పెంకు పగలగొట్టి పక్కకి తోస్తోంది, ఇంకొకామె ఈనెలు తీస్తోంది, మిగతావాళ్ళు కాయని అంచున చీల్చి గింజ బయటికి నెడుతున్నారు. వేళ్ళ చివర్లు పులుపుకి తెల్లగా నాని పగిలి ఉన్నాయి, ఒకామె బొటనవేలికి గుడ్డ చుట్టుకుంది. వెనక గోడకి ఆనించి పదిహేను బస్తాల దాకా ఉన్నాయి. ఆ ఇంటామె మా సంఘం మీటింగుకి ప్రతిసారీ వచ్చే మనిషి.

"ఇంత పండు పెట్టుకుని స్టోరేజీకి పంపలేదేం అక్కా?" అన్నాను.

"ఇది మాది కాదు సార్," అంది, చేతిలో పని ఆపకుండానే. "చెట్టు మాది. పండు గుత్తకి పట్టుకున్నాయనది. మేం కూలికి కొడతా ఉండాము."

"గుత్తకి ఎప్పుడిచ్చినారు?"

"పూత మీదనే ఇచ్చినాం. జూన్‌లో. చెనక్కాయ విత్తనానికి దుడ్డు కావల్ల కదా."

సొంత చెట్టు పండుని సొంత వాకిట్లో కూలికి కొట్టుకుంటోంది. అక్కడ నిలబడి నాకు చాలాసేపు మాట రాలేదు. మూడేళ్ళుగా మేం చింతపండు ఒక సమస్య, చెనక్కాయ ఇంకో సమస్య అని రెండు వేర్వేరు చాప్టర్లు రాసుకుంటున్నాం. వాళ్ళ ఇంట్లో అది ఒకటే సమస్య, దానికి పేరు జూన్ నెల.

జూన్ నెల

తర్వాత నాలుగు ఊళ్ళలో ఒకే పని చేశాం. చార్టు మీద పన్నెండు నెలలు గీసి, ఏ నెలలో డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది, ఎక్కడికి పోతుంది అని ఇంటింటివాళ్ళతో చెప్పించాం. జూన్ గడి నిండిపోయింది: విత్తనం, ఎరువు, దుక్కి, పిల్లల పుస్తకాలు, ఫీజులు. వచ్చే డబ్బు దగ్గర ఏమీ లేదు. బ్యాంకులో పంట రుణం రెన్యువల్ ఉంటుంది కానీ అది చాలామందికి పాత అప్పుకే సర్దుబాటు అవుతుంది, చేతికి నోటు రాదు. ఆ నెలలో ఇంట్లో అమ్మగలిగింది ఒక్కటే ఉంటుంది, చెట్టు మీద పూత.

చెనక్కాయకి పెట్టుబడిలో పెద్ద ఖర్చు విత్తనమే. ఎకరాకి అరవై, డెబ్భై కిలోల విత్తనపప్పు పడుతుంది. వెనకటి రోజుల్లో ఇంట్లోనే దాచుకునేవారు. ఇప్పుడు నవంబరులో కాయ రాగానే అప్పులవాళ్ళ కోసం మొత్తం అమ్మేస్తారు, దాచినా పురుగు పడుతుందని భయం, జూన్‌లో మళ్ళీ కొంటారు. సబ్సిడీ విత్తనం కొంత వస్తుంది, మిగతాది బయట నుంచి. అంటే మండలంలో పండిన కాయ నవంబరులో తక్కువకి బయటికి పోయి, జూన్‌లో ఎక్కువకి లోపలికి వస్తోంది, ఆ తేడా కట్టడానికి చింతచెట్టు పోతోంది, ఆ చెట్టు పండులో పెరిగే ధర కూడా బయటివాళ్ళకే పోతోంది. ఈ చుట్టు కనపడ్డాక ప్రణాళికలో ఎక్కడ చెయ్యి పెట్టాలో మొదటిసారి అర్థమైంది.

మూడు దారులు కనపడ్డాయి. ఒకటి, పూత మీద మేమే అడ్వాన్సు ఇవ్వడం, అంటే గుత్తదారు స్థానంలో మేం కూర్చోవడం. డబ్బు ఎక్కువ కావాలి, పండు దిగుబడి పడిపోతే మునిగేది సంఘం. రెండు, సంఘం అప్పులు పెంచడం. అప్పటికే చాలామంది పరిమితి దాకా వాడేసుకున్నారు, ఇంకో కిస్తీ కట్టించడం అంటే టెన్షన్ పెంచడమే. మూడు, డబ్బు ఇవ్వకుండా విత్తనమే ఇవ్వడం. మూడోది ఎంచుకున్నాం, ఎందుకంటే విత్తనానికి డబ్బులా ఇంకో ఖర్చులోకి జారిపోయే గుణం లేదు, పైగా ఇది వాళ్ళకి కొత్త కాదు. ధాన్యం నాగుకి ఇచ్చి పంటకి కలిపి తిరిగి తీసుకోవడం పెద్దవాళ్ళందరికీ తెలుసు.

2022 చలికాలంలో, మే నెలలో కూడా నీళ్ళు ఆగని బోర్లున్న రైతుల్ని మాత్రమే ఏరి, ఒక్కొక్కరితో ఒకే ఎకరం డ్రిప్పు కింద రబీ చెనక్కాయ వేయించాం. ఒక్క ఎకరానికి మించొద్దన్నాం, నీటి బడ్జెట్ అంతకే ఒప్పుకుంది. మార్చి, ఏప్రిల్‌లో వచ్చిన కాయ జూన్‌కి తాజాగా ఉంటుంది, పురుగు పట్టేంత కాలం నిల్వ ఉండదు. రైతుకి మార్కెట్ ధర మీద కొంచెం ఎక్కువ ఇచ్చి సంఘం కొన్నది. జూన్‌లో ఆ విత్తనం నాగుకి ఇచ్చింది: బస్తా తీసుకుంటే పంట వచ్చాక బస్తాంపావు ఇవ్వాలి. షరతు ఒకటే, విత్తనం తీసుకున్న ఇల్లు ఆ ఏడాది చింతచెట్టు పూత మీద అమ్మకూడదు.

విత్తనం నాణ్యత మీద గొడవలొస్తాయని తెలుసు. అందుకే అందరి ముందూ మొలక పరీక్ష పెట్టాం. లెక్కపెట్టి వంద గింజలు తడి గోనెపట్టా మీద వరసగా పేర్చి, చుట్ట చుట్టి, నీడలో ఉంచి, రోజూ తడుపుతూ అయిదారు రోజుల తర్వాత విప్పి లెక్కపెట్టడం. డెబ్భైకి తగ్గితే ఆ బస్తా విత్తనానికి పనికిరాదు, మిల్లుకి పోతుంది. ప్రభుత్వ ధ్రువీకరణలో చెనక్కాయకి కనీస మొలక శాతం కూడా డెబ్భయ్యే. ఒక ఊళ్ళో సంఘం ప్రెసిడెంటుగారి సొంత తమ్ముడి బస్తా అరవై రెండు దగ్గర ఆగింది. ఆమె అందరి ముందు లెక్క రెండోసారి పెట్టించి, బస్తా పక్కన పెట్టించింది. ఆ రోజు నుంచి ఆ ఊళ్ళో ఎవరూ విత్తనం గురించి మమ్మల్ని అడగలేదు, ఆమెనే అడిగారు.

2023

మొదటి ఏడాదే పరీక్ష వచ్చింది. ఆ ఆగస్టు దేశం మొత్తానికే వందేళ్ళకు పైగా రికార్డుల్లో అంత ఎండిన ఆగస్టు లేదు. మా చెనక్కాయ కాయ కట్టడానికి నేలలోకి ఊడలు దిగే టైములో నేల గట్టిపడింది. చాలా పొలాల్లో విత్తనం మేరకి కూడా కాయ రాలేదు. బస్తాంపావు ఎక్కడి నుంచి తెస్తారు?

సంఘాల్లో రెండు రోజులు వాదన జరిగింది. మాఫీ చేద్దామని కొందరు, ఒకసారి మాఫీ చేస్తే విత్తనం బ్యాంకు అక్కడితో చచ్చిపోతుందని ఇంకొందరు. నేను లోలోపల రెండోవాళ్ళ వైపే. కానీ నిర్ణయం వాళ్ళకే వదిలేశాను. చివరికి ఒక ముసలామె తేల్చింది: "చేను ఎండింది, చెట్టు ఎండలేదు కదా. పండుతో ఇస్తాం." చింత వేర్లు లోతుకి పోతాయి, వాన తప్పిన ఏడు కూడా ఎంతో కొంత కాస్తుంది. పావు వంతు అదనం వదిలేసి, అసలు బస్తా విలువకి మార్చిలో చింతపండు తూకం వేసి తీసుకోవాలని రాసుకున్నారు. దాంతో సంఘం చేతికి 2024 మార్చిలో మొదటిసారి గట్టి సరుకు వచ్చింది, రెండేళ్ళ కిందట ఖాళీగా ఉన్న అద్దె జాగా నిండింది. బలవంతంగా ఎవరూ ఒక్క బస్తా ఇవ్వలేదు, ఎందుకంటే ఆ ఏడాది వాళ్ళ పండు వాళ్ళ దగ్గరే ఉంది.

మొత్తం సరుకు రేటు పెరిగేదాకా ఆపుదామని కొందరన్నారు. ఒప్పుకోలేదు. మూడో వంతు వెంటనే, మూడో వంతు జులైలో, మిగతాది సెప్టెంబరులో అమ్మాం. రేటు పెరుగుతుందని ఎవరూ హామీ ఇవ్వలేరు, ధర మీద జూదం ఆడే స్థోమత ఆ ఇళ్ళకి లేదు. ఈనె తీసి శుభ్రంగా చేసిన కరిపులి రకానికి, తక్కువ పలికే ఫ్లవర్ రకానికి మార్కెట్లో ధర తేడా చాలా ఉంటుంది. కూలికి కొట్టినప్పుడు తొందరగా కానిచ్చేవారు, సొంత పండు అయ్యాక ఇంకో గంట కూర్చుని ఈనెలు తీశారు. ఆదాయంలో పెద్ద భాగం అక్కడ వచ్చింది, నిల్వలో కాదు. ఇది మేం ముందు ఊహించలేదు.

గుత్తదారుల గురించి ఒక మాట. మా టీమ్ పిల్లలు మొదట్లో వాళ్ళని దోపిడీదారులు అనేవారు. జూన్‌లో కాగితం అడక్కుండా, ఇంటికొచ్చి నోట్లు చేతిలో పెట్టింది వాళ్ళొక్కరే, అది మర్చిపోకూడదు. వాళ్ళతో గొడవ పెట్టుకోలేదు. వాళ్ళలో ఇద్దరు ఇప్పుడు మార్చిలో తూకానికి సంఘం దగ్గరే కొంటున్నారు.

ఇంకా తేలనివి

ప్రణాళికని మళ్ళీ రాశాం. పార్కు చాప్టరు తీసేసి, ఆ జాగా అడిగితే ఇచ్చేలా ఉంచాం. మొదటి పేజీలో పన్నెండు నెలల చార్టు పెట్టాం. ఇప్పుడు ఎవరు ఏ స్కీము తెచ్చినా అడిగే మొదటి ప్రశ్న, ఇది జూన్‌ని తేలిక చేస్తుందా, బరువు చేస్తుందా అని. మీ ప్రాంతంలో ఆ నెల జూన్ కాకపోవచ్చు. అది ఏ నెలో ఇళ్ళల్లో కూర్చుని కనుక్కోకుండా సెక్టార్లు, క్లస్టర్లు గీయొద్దని నన్ను అడిగే పిల్లలకి చెప్తున్నాను.

పదేళ్ళ మాటకొస్తే అసలు ప్రమాదం చెట్లకే. ముసలి చెట్లు రోడ్లకి, ఇటుక బట్టీలకి పోతున్నాయి, కొత్తవి ఎవరూ నాటడం లేదు, గింజ నాటితే కాయడానికి పదేళ్ళు పడుతుందని. అంటు మొక్కలైతే నాలుగైదేళ్ళలో కాపుకొస్తాయి. అనంతపురం దగ్గర రేకులకుంట ఉద్యాన పరిశోధన స్థానం ఎర్ర చింత రకం అనంత రుధిరని ఇచ్చింది, దాన్ని కొన్ని గట్ల మీద పెట్టించాం. మొదటి రెండు వేసవులు బిందెలతో నీళ్ళు పోయాలి, పోసేది ఆడవాళ్ళే, ఆ శ్రమకి ప్రణాళికలో ఇప్పటిదాకా పైసా లేదు. దాన్ని ఉపాధి హామీలో పెట్టించే ప్రయత్నం సగంలో ఉంది.

ఎనిమిది ఊళ్ళలో రెండింటిలో ఈ పద్ధతి నిలబడలేదు. అక్కడి బోర్లు ఏప్రిల్‌కే ఆగిపోయాయి, రబీ విత్తనం వేసే జాగా లేదు. పక్క ఊరి సంఘం వాళ్ళకి విత్తనం ఇస్తామంది, బదులుగా చింతపండు అడిగింది. బస్తా విత్తనానికి ఎన్ని కిలోల పండు అన్న దగ్గర రెండు మీటింగులు ఆగిపోయాయి. మూడోది వచ్చే ఆదివారం, రచ్చకట్ట దగ్గర. తూకం రాళ్ళు మాత్రం మా దగ్గరవి వద్దు, వాళ్ళవే తెచ్చుకుంటామన్నారు.